లిఫాఫాలో నంబరు

మొన్న జుమేరాత్ రాత్రి దస్తర్‌ఖాన్ ఎత్తేశాక మా ఆపా కూతురు ఫోన్ చేసింది. కర్నూలులో బీటెక్ రెండో సంవత్సరం చదువుతోంది. ఎప్పుడైనా సలామ్ చెప్పి, మామీ ఎలా ఉంది, పిల్లలు ఎలా ఉన్నారు అని ఖైరియత్ అంతా అడిగాక గానీ అసలు సంగతికి రాదు. ఆ రోజు మాత్రం సలామ్ అవగానే, "మామూ, ఈ జావా నన్ను పాగల్‌ని చేసేస్తోంది" అంది.

"ఏమైంది బేటీ?"

"ఐదు నంబర్లు ఇచ్చాను. ఎన్ని ఉన్నాయి అని అడిగితే ఒకటే అంటోంది."

నవ్వాను. నవ్వాక లోపల ఎక్కడో కలుక్కుమంది కూడా. ఆ 'ఒకటే' అనే జవాబు పదేళ్ళ కింద నేనూ చూశాను. దాన్ని సరిచేసుకునే తొందరలో నేను చేసిన గలతీ వల్ల మా ఇంట్లో పాతికేళ్ళు ఉప్పు తిన్న మనిషి మీద ఇల్జామ్ పడింది. ఆ కిస్సా ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.

ముందు దాని సవాల్ సంగతి. మన ఇళ్ళల్లో ఇప్పుడు చాలామంది పిల్లలు కంప్యూటర్ చదువుతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. కంప్యూటర్ తెలియనివాళ్ళు కూడా ఉండండి, ముందు దేగ్‌ల సంగతి ఉంది.

అది వాట్సాప్‌లో ఫోటో పంపింది. ఐదు సబ్జెక్టుల మార్కులు ఒక అరేలో పెట్టింది. అరే అంటే నంబర్ల వరస. దాన్ని 'స్ట్రీమ్ డాట్ ఆఫ్' అనే దానికి ఇచ్చి, కౌంట్ అడిగింది. ఐదు రావాలి. ఒకటి వచ్చింది. సరే, ఆ ఒక్కటీ ఏమిటో చూద్దామని ప్రింట్ చేస్తే ఒక చదరపు బ్రాకెట్, ఐ అక్షరం, అట్ గుర్తు, వెనకాల ఏవో అర్థంకాని అక్షరాలు.

"ఐదు లడ్డూలు డబ్బాలో పెట్టి మీ నానీ ఇంటికి పంపావనుకో. గేటు దగ్గర వాచ్‌మన్ ఏం రాసుకుంటాడు?" అని అడిగాను.

"డబ్బా ఒకటి అని."

"అంతే. నువ్వు డబ్బా ఇచ్చావు. అది డబ్బానే లెక్కపెట్టింది."

"మరి పేర్ల అరే ఇస్తే ఐదూ లెక్కపెట్టింది కదా మామూ? అదీ డబ్బానే కదా?"

పిల్ల తెలివైంది. అసలు పేచీ అక్కడే ఉంది. జావాలో రెండు రకాల జాతులున్నాయి. ఒకటి వస్తువులు, అంటే ఆబ్జెక్టులు. పేరు, తేదీ, అరే, మనం తయారుచేసుకునే ఖాతా, విద్యార్థి, ఇవన్నీ ఆబ్జెక్టులే. రెండోవి ఒట్టి విలువలు. వాటిని ప్రిమిటివ్స్ అంటారు, మొత్తం ఎనిమిది. వాటిలో మనం ఎక్కువగా వాడేది 'ఇంట్', పూర్ణసంఖ్య. 1990లలో సన్ కంపెనీలో జావా తయారుచేసినప్పుడు అన్నీ ఆబ్జెక్టులే అనకుండా ఈ ఎనిమిదింటిని విడిగా ఉంచారు, వేగం కోసం, జాగా కోసం. ఒక ఇంట్‌కి నాలుగు బైట్లు చాలు. అదే నంబరుని ఆబ్జెక్టుగా చేస్తే మామూలు 64 బిట్ మిషన్ మీద సాధారణంగా పదహారు బైట్లు పడుతుంది. పది నంబర్లకు ఫరక్ తెలియదు. కోటి నంబర్లకు తెలుస్తుంది.

స్ట్రీమ్ డాట్ ఆఫ్ ఆబ్జెక్టులనే తీసుకుంటుంది. పేర్ల అరే ఇస్తే లోపలున్నవన్నీ ఆబ్జెక్టులే గనక ఒక్కొక్కటీ తీసుకుని వరసలో పెడుతుంది. ఇంట్ అరే ఇస్తే లోపలివి ఒట్టి నంబర్లు, వాటిని అది పట్టుకోలేదు. ఆబ్జెక్టుగా దానికి కనిపించేది ఆ అరే ఒక్కటే. అందుకే 'ఒకటి'. 'అరేస్ డాట్ యాజ్‌లిస్ట్'కి ఇంట్ అరే ఇచ్చినా ఇదే తమాషా. లిస్టు తయారవుతుంది, అందులో ఉండేది ఒక్క డబ్బా. ఎర్ర గీత రాదు, ఎర్రర్ రాదు. నోరు మూసుకుని తప్పు జవాబు ఇస్తుంది.

నంబర్ల కోసం వేరే వాగు ఉంది. పేరు ఇంట్‌స్ట్రీమ్. 2014 మార్చిలో జావా 8తో స్ట్రీములు వచ్చినప్పుడే ఇదీ వచ్చింది. దానితోపాటు పెద్ద నంబర్లకు లాంగ్‌స్ట్రీమ్, దశాంశాలకు డబుల్‌స్ట్రీమ్. మిగిలిన ఐదు ప్రిమిటివ్‌లకు అలాంటి భాగ్యం లేదు. ఇంట్ అరేని ఇంట్‌స్ట్రీమ్ చేయాలంటే 'అరేస్ డాట్ స్ట్రీమ్' అని దానికి అరే ఇస్తే చాలు. 'ఇంట్‌స్ట్రీమ్ డాట్ ఆఫ్' అన్నా అదే పని. అప్పుడు కౌంట్ ఐదు వస్తుంది, మాక్స్ వస్తుంది, సమ్ వస్తుంది. సగటు అడిగితే నేరుగా నంబరు ఇవ్వకుండా, ఉంటే ఉంటుంది లేకపోతే లేదు అనే ఒక చిన్న సంచి ఇస్తుంది. ఎందుకంటే అరే ఖాళీగా ఉంటే సగటు ఏమని చెప్పాలి? సున్నా అంటే ఝూట్ అవుతుంది కదా. ఆ ఈమాన్‌దారీ నాకు నచ్చుతుంది. సమ్‌కి మాత్రం అంత ఈమాన్‌దారీ లేదు. మొత్తం 2147483647 దాటిందంటే చప్పుడు చేయకుండా మైనస్‌లోకి జారిపోతుంది. పెద్ద హిసాబులు చేసేవాళ్ళు ముందే లాంగ్‌స్ట్రీమ్‌గా మార్చుకోవడం మంచిది.

పిల్ల మార్చి చూసింది. ఐదు వచ్చింది. ఖుష్.

"మామూ, ఇంకోటి. దీన్ని లిస్టుగా చేద్దామంటే ఒప్పుకోవడం లేదు. మా ఫ్రెండ్ మధ్యలో 'బాక్స్‌డ్' అని పెట్టమంది. పెట్టాను, అయిపోయింది. ఇక ఎక్కడ అవసరమైతే అక్కడ బాక్స్‌డ్ పెట్టేసుకుంటా."

"ఆగు," అన్నాను. "పెట్టుకో. కానీ అదేం చేస్తుందో తెలుసుకుని పెట్టుకో."

మా గొంతు మారినట్టుంది. "ఏమైంది మామూ?" అంది.

నికాలో సలామీ ఇస్తాం కదా. నోటు చేతిలో పెట్టొచ్చు, లిఫాఫాలో పెట్టీ ఇవ్వొచ్చు. ఇంట్ అంటే చేతిలో నోటు. ఇంటీజర్ అంటే అదే నోటు లిఫాఫాలో. లిస్టులాంటివి లిఫాఫాలనే పుచ్చుకుంటాయి, ఒట్టి నోటుని పుచ్చుకోవు. బాక్స్‌డ్ చేసే పని, వాగులో వస్తున్న ఒక్కొక్క నంబరుని ఒక్కొక్క లిఫాఫాలో పెట్టడం. 2004లో జావా 5 వచ్చాక చాలాచోట్ల మనం అడగకుండానే జావా లిఫాఫాలో పెడుతుంది, మనం అడగకుండానే తీస్తుంది. పైకి చూస్తే రెండూ ఒకటే అనిపించేంత సాఫీగా. ఆ సాఫీతనమే నన్ను ముంచింది.

మా అబ్బాది నంద్యాలలో షామియానా దుకాణం. ఊళ్ళో షాదీ అన్నా, చెవులు కుట్టడమన్నా, చాలీస్వాఁ అన్నా మా బండి కదలాల్సిందే. షామియానాలు, కుర్చీలు, జంఖానాలు, దేగ్‌లు, లగన్‌లు. పాత్రలే అసలు ఆస్తి. కుర్చీ పోతే కుర్చీ అంటారు, రాగి దేగ్ పోతే ఆ సీజన్ లాభం పోయినట్టే. అందుకని అబ్బా ప్రతి పాత్రకూ పక్కన ఎనామిల్ పెయింటుతో నంబరు రాయించేవాడు. పోయేటప్పుడు ఏ నంబర్లు పోయాయి, వచ్చేటప్పుడు ఏ నంబర్లు వచ్చాయి అని చీటీల మీద రాసి, రెండు చీటీలూ పక్కపక్కన పెట్టుకుని టిక్కులు కొట్టుకునేవాడు. కళ్ళజోడు ముక్కు మీదికి జారిపోయేది. రాత్రి ఒంటిగంటకు కూడా టిక్కులు కొడుతూనే ఉండేవాడు.

పాత్రలన్నీ చాచా జిమ్మేదారీ. మాకు రక్తసంబంధం కాదు. నేను పుట్టకముందు నుంచీ దుకాణంలో ఉన్నాడు గనక చాచా అయ్యాడు. దేగ్‌ని వేళ్ళతో కొట్టి శబ్దం వినే ఏ దేగ్‌లో కళాయి పోయిందో చెప్పేవాడు. నేను ఎనిమిదో తరగతిలో మామిడి చెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే నన్ను భుజం మీద వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తింది ఆయనే.

2015లో నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చి ఏడాది అయింది. జావా పని. పండక్కి వెళ్ళినప్పుడు అబ్బా టిక్కులు చూసి, "దీనికి ఒక ప్రోగ్రామ్ రాసిస్తా అబ్బా, మీరు నంబర్లు కొట్టండి చాలు, రానివి ఏవో అదే చెప్తుంది" అన్నాను. అబ్బా మురిసిపోయాడు. నా కొడుకు చదువు నా దుకాణానికి పనికొచ్చింది అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. తమ్ముడు పాత లాప్‌టాప్ తెచ్చి గల్లా పక్కన పెట్టాడు.

రెండు ఇంట్ అరేలు. పోయినవి ఒకటి, వచ్చినవి ఒకటి. పోయినవాటిలో ఏది వచ్చినవాటిలో లేదో అది చూపించాలి. ఇంతే పని. మొదట యాజ్‌లిస్ట్ పెట్టాను, మా భాంజీకి వచ్చినట్టే 'ఒకటి' వచ్చింది. ఇంటర్నెట్‌లో వెతికితే బాక్స్‌డ్ దొరికింది. రెండు అరేలనూ స్ట్రీమ్ చేసి, బాక్స్‌డ్ చేసి, రెండు లిస్టులు చేసుకున్నాను. తరవాత మొదటి లిస్టులో ఒక్కో నంబరుకీ, రెండో లిస్టులో దీనికి సమానమైనది ఏదీ లేదా అని అడిగించాను. సమానం అనడానికి రెండు ఈక్వల్ గుర్తులు, ==. చిన్నప్పటి నుంచీ నంబర్లకు అదే కదా. 1 నుంచి 10 దాకా కొట్టి, 7 తీసేసి చూశాను. 7 రాలేదు అంది. సరిగ్గా చెప్పింది. హైదరాబాదు బస్సెక్కేశాను.

పాత పాత్రల నంబర్లు 120 దాకా ఉండేవి. ఆ రెండు నెలలూ ప్రోగ్రామ్ బంగారంలా పనిచేసింది. ఒకసారి 43వ నంబరు లగన్ రాలేదని చెప్తే, పెళ్ళివారింటి వెనకాల దొరికింది. ఊళ్ళో ఇంకో టెంట్ హౌస్ ఆయన వచ్చి చూసి వెళ్ళాడట.

తరవాత అబ్బా కొత్త సామాను కొన్నాడు. ముప్ఫై పాత్రలు. 121 నుంచి 150 దాకా నంబర్లు పడ్డాయి. కొత్తది గనక ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు, భరోసా ఉన్న మనిషి అని చాచాకే అప్పగించాడు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

మొదటి దావత్‌కి 121 నుంచి 134 దాకా పోయాయి. రాత్రి మూడింటికి చాచా వెనక్కి తెచ్చి, చీటీ రాసి గల్లా మీద పెట్టి ఇంటికెళ్ళాడు. పొద్దున తమ్ముడు చీటీ చూసి నంబర్లు కొట్టి, చీటీ చించి పారేశాడు. ఇక చీటీలతో పనేముంది? ప్రోగ్రామ్ జవాబిచ్చింది. 128, 129, 130, 131, 132, 133, 134 రాలేదు.

గోడౌన్‌లో వెతికారు. ఆ తెల్లవారుజామునే ఇంకో బండి బనగానపల్లె వైపు ఒక వలీమాకి వెళ్ళింది, తొందరలో చేతికందిన పాత్రలు ఎక్కించారు. అందుకని ఆ ఏడింటిలో రెండే కనిపించాయి. చాచాని పిలిచారు. "పద్నాలుగూ తెచ్చాను భాయ్. నా చేత్తో దించాను, నా చేత్తో రాశాను" అన్నాడు.

అబ్బా నాకు ఫోన్ చేశాడు. ఆఫీసులో ఉన్నాను. "బేటా, నీ మిషన్‌కి గలతీ జరిగే అవకాశం ఉందా?" అని అడిగాడు. అబ్బా గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది. ఔను అనమని బతిమాలుతున్నట్టు అడిగాడు.

నేనేమన్నానంటే, "మిషన్ తప్పు చెప్పదు అబ్బా. చీటీలో ఉంటే వచ్చిందంటుంది, లేకపోతే లేదంటుంది. చీటీలోనే ఉండవు."

రెండు నిమిషాలు పట్టేది, ప్రోగ్రామ్ తెరిచి 128 కొట్టి చూడటానికి. చూడలేదు. మీటింగ్ ఉంది.

అబ్బా చాచాని చోర్ అనలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు. కానీ "భాయ్, కాస్త ఇంటి దగ్గర కూడా చూడు, ఒకవేళ..." అన్నాడట. ఆ ఒకవేళ చాలదా? మూడు రోజుల తరవాత బనగానపల్లె బండి తిరిగొచ్చాక మిగిలిన ఐదు పాత్రలూ అందులోనే ఉన్నాయని తేలింది. దానికీ ఒక మాట పుట్టింది. అడిగాక తెచ్చి మెల్లగా కలిపేశాడు అని దుకాణంలో ఎవరో అన్నారు. అది చాచా చెవిన పడింది. మర్నాడు గోడౌన్ తాళంచెవి గల్లా మీద పెట్టి, అబ్బాకి సలామ్ చెప్పి వెళ్ళిపోయాడు. జీతం లెక్క కూడా అడగలేదు.

నెల తరవాత తమ్ముడి ఫోన్. "భయ్యా, ఇది నేను నా చేతుల్తో దించుకున్న సామాను. నేనే రాసుకున్నా, నేనే కొట్టా. అయినా రాలేదంటోంది. 136, 140, 141. అన్నీ పెద్ద నంబర్లే."

పెద్ద నంబర్లే అన్న మాట దగ్గర నా ఒళ్ళు చల్లబడింది. లాప్‌టాప్ తెరిచి 127 కొట్టాను. వచ్చింది అంది. 128 కొట్టాను. రాలేదు అంది.

జావా చేసే పని ఇది. == అనేది ఒట్టి నంబర్ల మధ్య పెడితే విలువలు చూస్తుంది. ఆబ్జెక్టుల మధ్య పెడితే విలువ చూడదు, ఇది అదే లిఫాఫానా అని చూస్తుంది. లోపల ఎంతుందో దానికి అనవసరం. నేను బాక్స్‌డ్ పెట్టి రెండు వైపులా లిఫాఫాలు చేసేశాను. పోయినవాటిలో 128 ఒక లిఫాఫా, వచ్చినవాటిలో 128 ఇంకో లిఫాఫా. లోపలి నంబరు ఒకటే, లిఫాఫాలు వేరు. అందుకని సమానం కాదు అంది. దానివరకు అది సరైన జవాబే.

మరి 127 దాకా ఎందుకు సరిగా చెప్పింది? చిన్న నంబర్లు ఊరికే వాడుకలో ఉంటాయి గనక, మైనస్ 128 నుంచి 127 దాకా 256 లిఫాఫాలను జావా ముందే తయారుచేసి పెట్టుకుంటుంది. 43 కావాలంటే ప్రతిసారీ అదే పాత లిఫాఫా ఇస్తుంది. అందుకే అక్కడిదాకా లిఫాఫాలను పోల్చినా జవాబు కుదిరింది. 128 నుంచి మామూలుగా ప్రతిసారీ కొత్త లిఫాఫా. ఆ పై హద్దుని సెట్టింగుతో పెంచుకోవచ్చు కూడా. ఇదంతా దాచిపెట్టిన రహస్యం కాదు, భాష నిబంధనల్లోనే రాసి ఉంది. చదవనిది నేను. 1 నుంచి 10 దాకా కొట్టి చూసి టెస్టింగ్ అయిపోయిందనుకున్నదీ నేనే.

కొత్త సామాను అంతా ఎవరి చేతిలో ఉందో, ఆయన నంబర్లే అబద్ధమయ్యాయి. 127 లోపు పాత్రలు పట్టుకున్న కుర్రాళ్ళందరూ పాక్‌సాఫ్.

ఒకటి మార్చితే సరిపోయేది. == బదులు 'ఈక్వల్స్' అని అడగాలి. అది లిఫాఫా విప్పి లోపల చూస్తుంది. లిస్టుకి 'కంటెయిన్స్' అని ఉంది, అది కూడా విప్పే చూస్తుంది. కానీ ఆ రోజు రాత్రి కూర్చుని చూస్తే నాకు అర్థమైంది వేరే. నాకసలు లిఫాఫాలే అవసరం లేదు. నా దగ్గరున్నవి నంబర్లు, కావాల్సిందీ నంబర్లే. పోయినవాటిని అరేస్ డాట్ స్ట్రీమ్‌లో పెట్టి, ఒక్కోదానికీ, వచ్చినవాటిని ఇంకో అరేస్ డాట్ స్ట్రీమ్‌లో పెట్టి, దీనికి సమానమైనది ఏదీ లేకపోతేనే ఉంచు అని ఫిల్టర్ చేసి, చివర్న 'టుఅరే' అంటే మళ్ళీ ఇంట్ అరేనే వస్తుంది. మొదటి నుంచి చివరిదాకా ఒట్టి నంబర్లు. అక్కడ == నంబర్లనే చూస్తుంది. ఒక చిన్న షరతు, లోపలి వాగుని ప్రతిసారీ కొత్తగా తెరవాలి. ఒకసారి పారించిన స్ట్రీమ్‌ని రెండోసారి పారించబోతే జావా ఊరుకోదు, ఎర్రర్ ఇస్తుంది. ఆ మాటకొస్తే అలా ఎర్రర్ ఇచ్చే తప్పులే మనకు దోస్తులు.

ఆ శనివారమే ఊరెళ్ళాను. అబ్బాకి చెప్పాను. అబ్బా నన్నేమీ అనలేదు. చాలాసేపు గోడ వైపు చూసి, "నేను నీకు ఫోన్ చెయ్యకముందే నాకు తెలియాల్సింది. పాతికేళ్ళ మనిషి" అన్నాడు. ఆ మాట నన్ను తిట్టినా బాగుండేది.

ఇద్దరం కలిసి చాచా ఇంటికెళ్ళాం. ఆయన వాకిట్లో నులక మంచం బిగిస్తున్నాడు. నేను ఏదేదో చెప్పాను. లాప్‌టాప్ కూడా తీసుకెళ్ళాను, పిచ్చివాణ్ణి, తెరిచి చూపిస్తే సబూత్‌లా ఉంటుందని. 127 చూపించాను, 128 చూపించాను. చాచా నులక వదలకుండా ఒకసారి చూశాడు.

"ఇప్పుడు మిషన్ చెప్పింది కాబట్టి నేను బేకసూర్‌నా బేటా?" అన్నాడు.

జవాబు లేదు నా దగ్గర. మాఫీ అడిగాను. చాచీ లోపల్నుంచి చాయ్ తెచ్చింది. చాయ్ తాగుతుంటే ఆయనే, "చెయ్యి నొప్పి లేదు కదా ఇప్పుడు?" అని అడిగాడు, నా పాత విరిగిన చెయ్యిని చూపించి. నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.

వెంటనే దుకాణానికి రాలేదు చాచా. ఆ సీజన్ అంతా ఇంటి దగ్గరే కళాయి పని చేసుకున్నాడు. ఆ ఏడు చివర్లో అబ్బాకి ఒంట్లో బాగాలేకపోతే చూడటానికి వచ్చి, వెళ్తూ వెళ్తూ గల్లా మీదున్న తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టాడు, చీటీలు చించకూడదని. గోడకి ఒక ఇనప ఊచ కొట్టించి, ప్రతి చీటీ దానికే గుచ్చేవాడు. ప్రోగ్రామ్ నడిచింది, చీటీల ఊచా నడిచింది. ఊచ నిండితే ఇంకోటి.

ఇదంతా ఫోన్‌లో మా భాంజీకి చెప్పేసరికి పదకొండు దాటింది. వెనకాల ఆపా, "ఇంకా ఏం మాట్లాడుతున్నారు మామూ కోడలు?" అని అరవడం వినిపించింది.

పిల్ల కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "మామూ, లిస్టే కావాల్సి వస్తే మరి?" అంది.

"కావాల్సి వస్తే బాక్స్‌డ్ పెట్టు, తప్పులేదు. పేర్లతో జత చేయాలన్నా, లిస్టులో దాచాలన్నా లిఫాఫా కావాల్సిందే. పెట్టావంటే ఈక్వల్స్‌తో అడుగు. మళ్ళీ లెక్కల్లోకి వచ్చేటప్పుడు 'మ్యాప్‌టుఇంట్' పెట్టి లిఫాఫాలు విప్పుకో."

"నేను మార్కులతో చేస్తున్నా కదా, అన్నీ వంద లోపే. నాకేం కాదేమో?"

"నేనూ అలాగే అనుకున్నా బేటీ. మా దేగ్‌లు కూడా 120 లోపే ఉండేవి."

అరగంటకి మెసేజ్ వచ్చింది. స్క్రీన్ ఫోటో. ఐదు సబ్జెక్టుల మార్కులు ఉన్నచోట ఈసారి ఏడు నంబర్లున్నాయి. చివరి రెండూ 127, 128. కింద రాసింది: "ఏడూ వచ్చాయి మామూ. చాచా ఇంకా ఉన్నారా?"

ఉన్నాడు. కళ్ళు సరిగా కనిపించవు ఇప్పుడు. దేగ్ పక్కన వేళ్ళతో తడిమి పెయింటు గట్టు మీద నంబరు చదువుతాడు. రంజాన్‌కి ఊరొచ్చినప్పుడు తీసుకెళ్తా అని రాశాను.